చూసేది దెయ్యమా, కెమెరానా?

పెద్ద తారలెవరూ లేకుండా తక్కువ ఖర్చుతో రవిబాబు తీసిన ‘అవును’ (2012) దెయ్యాన్ని పడకగదికి తెచ్చి, స్త్రీకి ఇల్లే రక్షణ అన్న మాటను పటాపంచలు చేసింది. అందుకు మెచ్చుకోవలసిందే.

కానీ మోహినిని చాటుగా చూసే ప్రేతం కళ్ళనే కెమెరా అరువు తెచ్చుకుంది. టికెట్టు కొన్న ప్రేక్షకుడికి ఆ దొంగచూపులో వాటా పంచింది. పైగా నేరాన్ని చచ్చినవాడి మీదికి నెట్టింది. బతికున్నవాళ్ళ మాటేమిటి? పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని 2023 నాటి భారతీయ న్యాయసంహిత కూడా అత్యాచారంగా గుర్తించలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై కలిసి తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. భయపడే స్త్రీని తెరపై ఎప్పుడూ ఒంటరిగానే నిలబెట్టడం ఎవరి ప్రయోజనం కోసం?