చదరంగపు గడులలోని సంఖ్య

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తము ఎన్ని గింజలగును? 18446744073709551615 అగును. ఇరువది అంకెల ఈ సంఖ్యను పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన తెలుగు పద్యమొకటి తనలో ఇముడ్చుకొన్నది. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించిన మల్లన, తొలి తెలుగు గణితకవిగా పేరొందినవాడు.

ఆ పద్యమున అంకెలు కానరావు. వానికి మారుగా వస్తువుల పేర్లుండును. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, గిరులనిన ఏడు, గగనమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. పండితులు దీనిని వివరింతురు, పిల్లలు ఆశ్చర్యపడుదురు, పాఠము అంతటితో ముగియును. నాకు నచ్చనిది ఈ ముగింపే. పెద్దదగుట సంఖ్యకు గొప్ప కాదు. చివర ఒక సున్న చేర్చినచో అంతకంటె పెద్దది వచ్చును. దాని గొప్పతనము దాని నిర్మాణములో నున్నది.

పరీక్షించి చూతము. రెండును రెంటితో హెచ్చించుచు పోయినచో చివరి అంకె 2, 4, 8, 6గా తిరుగుచుండును. అరువదినాలుగు నాలుగుచే భాగింపబడును గనుక, రెండు యొక్క అరువదినాలుగవ ఘాతము 6తో ముగియును. గింజల మొత్తము దానికంటె ఒకటి తక్కువ. కావున చివర 5 వచ్చి తీరవలెను. అంకెలన్నియు కూడినచో 87. అది మూడుచే భాగింపబడును, తొమ్మిదిచే భాగింపబడదు. లేఖకుడు ఒక అంకెను తప్పు వ్రాసినచో ఇట్టి పరీక్షలలో పట్టుబడుటకు అవకాశము కలదు.

ఉన్నత పాఠశాలలో నేర్పు రెండు వర్గముల భేదసూత్రమును మరల మరల ప్రయోగించినచో ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరింటి లబ్ధముగా విడిపోవును. మొదటి అయిదును ప్రధాన సంఖ్యలు. ఆరవదియు నట్టిదే యని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు అది 641, 6700417ల లబ్ధమని చూపి ఆ నమ్మికను వమ్ము చేసెను. అయిదుసార్లు నిజమైనది ఆరవసారి కాకపోవచ్చునని విద్యార్థికి తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

ఇట్టి పద్యములలో రసమెక్కడిదని కొందరందురు. రసము లేకపోవచ్చును. కాని యతిప్రాసలు, గణములు కావలియుండి ఇరువది అంకెలను మనవరకు చేర్చినవి. అయితే ఛందస్సు కాపాడునే కాని నిరూపింపజాలదు. నిరూపణము గణితోపాధ్యాయుని పని. కావున ఏడాదికొక్క గంటయైనను తెలుగు పండితుడును గణితోపాధ్యాయుడును ఒకే తరగతిలో కలిసి నిలువవలెను. ఒకరు పదములు విప్పగా మఱొకరు గడులు రెట్టించి చూపవలెను. పద్యమును వల్లించి సంఖ్యను సరిచూడని బాలుడు మల్లనను సగమే చదివినవాడగును.