ఇక్కడ డ్రాయింగు లేనిదే పని లేదు, మరి మన ఇంటికి?



గల్ఫ్‌లో ఏ సైటుకైనా వెళ్లి చూడండి. డ్రాయింగు లేకుండా ఒక్క తట్ట కాంక్రీటు కూడా పడదు. దాని మీద కన్సల్టెంటు ముద్ర పడాలి. రాడ్లు కట్టాక ఇంజనీరు వచ్చి చూడాలి. కవర్ బ్లాకులు పెట్టారో లేదో సరిచూడాలి. ఆ తర్వాతే పోత మొదలవుతుంది. ఇది మనకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఆ రాడ్లు కట్టేది మనమే, ఆ షట్టరింగు బిగించేది మనమే. తేడా వస్తే ఫోర్‌మెన్ చేత మాటలు పడి, విప్పి మళ్లీ కట్టేది కూడా మనమే.

అదే మనం ఊళ్లో సొంత ఇంటికి ఏం చేస్తున్నాం? మేస్త్రికి ఫోను చేసి, "అన్నా, మూడు బెడ్రూములు, ఒక హాలు, ముందట వరండా. మన పక్కింటి లెక్కనే ఉండాలె" అని చెప్పి డబ్బు పంపుతున్నాం. మంచి రోజు చూసి ముగ్గు పోస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఇంటి ప్లాను మాత్రం మేస్త్రి తలలో ఉంటుంది. పరాయివాడి మేడకు వందల డ్రాయింగులు చూసి పనిచేసే మనం, పదేళ్ల చెమటతో కట్టుకునే ఇంటికి ఒక్క కాగితం గీయించకపోవడం ఏం న్యాయం?

మేము చెప్పేది ఒక్కటే. ప్లాను చేతికి రానిదే పునాది తవ్వొద్దు, పని డబ్బు పంపొద్దు.

మేస్త్రులంతా మోసం చేస్తారని మేము అనడం లేదు. మనలో సగం మంది మేస్త్రులమే. కానీ నోటి మాటకు కొలత ఉండదు. ఒక ఉదాహరణ చూద్దాం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న 200 గజాల జాగా ఉంది. చుట్టూ కొంత వదిలి 30కి 40 ఇల్లు కడితే 1,200 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వస్తే అది 34కి 44, అంటే 1,496 చదరపు అడుగులు. చదరపు అడుగుకు ఇంత అని కూలి మాట్లాడుకున్నప్పుడు, మనం గోడల లెక్క అనుకుంటాం, మేస్త్రి స్లాబు లెక్క అనుకుంటాడు. తేడా 296 అడుగులు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, అయినా గొడవ మాత్రం తప్పదు. మధ్యలో పని ఆగుతుంది, తమ్ముడికీ మేస్త్రికీ మాటలు పడవు, ఇక్కడ మనకు నిద్ర పట్టదు. ప్లాను మీద కొలత రాసి, ఏ లెక్క ప్రకారం కూలి అన్నది కింద రాసి, ఇద్దరూ సంతకాలు పెడితే ఈ గొడవకు తావే లేదు.

"మా తాత ఏ ప్లాను గీయించాడు? ఆ ఇల్లు ఇప్పటికీ నిలబడలేదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. కానీ తాత కట్టింది మందపు మట్టిగోడల పెంకుటిల్లు. దాని బరువు గోడలు మోశాయి. మనం కట్టేది పిల్లర్ల మీద స్లాబు. దీని బలం లోపలి ఇనుములో ఉంది, పోత పోశాక అది కంటికి కనపడదు. ఎన్ని రాడ్లు, ఎంత లావువి, రింగులు ఎంత దూరంలో, పుట్టింగు ఎంత లోతు అన్నవి నేలను బట్టి, పైన పడే బరువును బట్టి ఇంజనీరు లెక్కగట్టాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. గట్టి మొరం నేలలో సరిపోయిన పునాది అక్కడ సరిపోదు. పక్కింటి లెక్క మన ఇంటికి పనికిరాదనేది ఇందుకే.

పైన ఇంకో అంతస్తు ఎప్పుడో వేద్దామని ఆశ ఉంటే, ఆ సంగతి ఈ రోజే ప్లానులో ఉండాలి. మన ఊళ్లలో ఎన్ని ఇళ్ల మీద పిల్లర్ రాడ్లు ఆకాశం వైపు చూస్తూ తుప్పు పట్టడం లేదు! పునాది ఒక్క అంతస్తుకే వేసినప్పుడు ఆ రాడ్లు ఎంత పొడుగు వదిలినా లాభం లేదు.

ఇక అనుమతి సంగతి. తెలంగాణలో 2018 తర్వాత ఎన్నో పల్లెలు మునిసిపాలిటీల్లో కలిశాయి. మన జాగా పంచాయతీలో ఉందో, మునిసిపాలిటీలో ఉందో ముందు తెలుసుకోవాలి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం పట్టణాల్లో 600 గజాల లోపు జాగాలో పది మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు, యజమాని సొంత హామీ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఇది సులువే కానీ బాధ్యత అంతా మన మీదే పడుతుంది. హామీలో రాసింది ఒకటి, కట్టింది ఒకటి అయితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. మనం ఇక్కడ ఉండగా అక్కడ ఎవరు, ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలియాలా వద్దా? ఆంధ్రప్రదేశ్‌లోనూ అనుమతి లేని ఇంటికి తిప్పలు తప్పవు. బ్యాంకు లోను అడిగితే మొదట అడిగేది అనుమతి పొందిన ప్లాను, ఖర్చు అంచనా. ఆ రెండూ లేకనే చాలామంది వడ్డీ వ్యాపారి గడప ఎక్కుతున్నారు, ఆ వడ్డీ తీర్చడానికి ఇంకో రెండేళ్ల వీసా కొడుతున్నారు.

ఊళ్లో వేరొకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల లోపు అక్కడ స్టాంపు వేయించాలి. ఏ పనికి ఇస్తున్నామో, అంతవరకే రాయించండి.

ఇంకో మాట. ప్లాను ఇంజనీరు గీసినా, ఆ ఇంట్లో ఉండేది మన ఇల్లాలు, అమ్మానాన్నలు. మనం ఏడాదికో రెండేళ్లకో నెల రోజులు చుట్టం లెక్కన పోయి వస్తాం. వంటగది ఎంత ఉండాలి, బట్టలు ఎక్కడ ఉతకాలి, బియ్యం బస్తాలు ఎక్కడ పెట్టాలి అన్నది ఆమెను అడగకుండా ఎవరిని అడుగుతాం? మోకాళ్ల నొప్పులున్న నాన్నకు మెట్ల మీద గది, పెరట్లో బాత్రూము ఏం సుఖం? ఆగ్నేయంలో వంట, నైరుతిలో పడకగది కావాలంటే అది కూడా ప్లాను గీసేటప్పుడే సిద్ధాంతిని అడగండి. గోడ లేచాక వాస్తు పేరు మీద పగలగొడితే నష్టం మనదే. కాగితం మీద గోడ చెరపడానికి రబ్బరు ముక్క చాలు.

ఇంజనీరు ఫీజు దండగ అనుకోకండి. మొత్తం ఖర్చులో అది చిన్న పాలు. గదుల ప్లాను ఒక్కటే కాదు, పునాది, పిల్లర్లు, బీములు, స్లాబు ఇనుము చూపే డ్రాయింగు కూడా అడిగి తీసుకోండి. డబ్బు ఒకేసారి పంపకుండా బేస్‌మెంటుకు, లెంటలుకు, స్లాబుకు, ప్లాస్టరింగుకు విడివిడిగా పంపండి. స్లాబు పోసే ముందు రాడ్ల మీద టేపు పెట్టి ఫోటోలు తీసి పంపమనండి. రాడ్ల మధ్య దూరం డ్రాయింగులో ఉన్నట్టే ఉందో లేదో చూసి, ఆ తర్వాతే పోతకు ఒప్పుకోండి.

ఆ ఫోటో చూసి చెప్పేవారు మనకు దూరం లేరు. పక్క మంచం మీద స్టీల్ ఫిక్సర్ ఉన్నాడు, ఎదుటి గదిలో షట్టరింగు కార్పెంటరు ఉన్నాడు, అదే క్యాంపులో సర్వే పనిచేసే కుర్రాడు ఉన్నాడు. వచ్చే సెలవు రోజున ఇల్లు కట్టాలనుకునే ప్రతి ఒక్కరూ తమ ప్లాను తెచ్చి నలుగురి ముందు పరవండి. తప్పొప్పులు మాట్లాడుకోండి. ప్లాను ఇంకా లేనివారు జాగా కొలతలు, దిక్కులు ఒక కాగితం మీద రాసుకుని రండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.