ఒరిగిన గోడను ఉండనిండు

డిసెంబరు మాసము ప్రవేశింపగనే జర్మనీ, స్వీడన్, నార్వే దేశములయందు అనేక కుటుంబములవారు శొంఠియు దాల్చినచెక్కయు లవంగములును కలిపిన పిండితో గోడలను, కప్పును, పొగగొట్టమును వేర్వేరుగా కాల్చి, వానినన్నింటిని అతికించి, ఒక చిన్న జింజర్‌బ్రెడ్ ఇంటిని నిలబెట్టుదురు. ఈ ఆచారము నేడు అమెరికాలోని తెలుగువారి వంటిండ్లలోనికిని వచ్చినది. బడిలో చూచి వచ్చిన పిల్లలు అడుగగా, తల్లిదండ్రులు అంగడినుండి ముందే కాల్చిన గోడలుండు అట్టపెట్టె యొకటి కొనితెచ్చుచున్నారు. నా అభ్యంతరము ఆ యింటిమీద గాదు, ఆ పెట్టెమీద.

గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలలో, అడవిలో దారితప్పిన అన్నాచెల్లెండ్రకు కనిపించిన మంత్రగత్తె యిల్లు రొట్టెతో కట్టినది. కప్పు కేకు, కిటికీలు చక్కెర. శొంఠి ప్రసక్తియే లేదు. ఈ కథనే హంపర్డింక్ అను జర్మన్ స్వరకర్త సంగీతరూపకముగా మలచెను; అది 1893 డిసెంబరులో వైమార్ నగరమున ప్రదర్శింపబడిన పిదప ఈ కథకును క్రిస్మసుకును చుట్టరికము బలపడినది. పిల్లలను తినదలచినదాని యింటిని పిల్లలే కట్టి తినివేయుట — ఇంతకంటె తగిన ప్రతీకారము మరియొకటి గలదా? జింజర్‌బ్రెడ్ మాత్రము కథకంటె మిక్కిలి పాతది. న్యూరెంబర్గ్ చుట్టునున్న అడవుల తేనెయు, మన దేశపు పశ్చిమతీరమున ఓడలెక్కి వెనిస్ మీదుగా చేరిన సుగంధద్రవ్యములును దానికి ప్రసిద్ధి తెచ్చినవి.

పనియంతయు ఒక పూటలో తెమలునది కాదు. తేనెయు వెన్నయు వేసి కలిపిన పిండిని ఒక రాత్రి చలువలో ఉంచి, మరునాడు పలుచగా ఒత్తి, కాగితపు నమూనాను పైనబెట్టి కోసి, కాల్చిన వెంటనే వేడిమీదనే అంచులను మరల సరిచేయవలెను. ఏలయన పొయ్యిలో పిండి పొంగి గీతలు తప్పును, చల్లారిన పిదప కోయబోయినచో పలక పెళుక్కున విరుగును. కిటికీ రంధ్రములలో గట్టి చక్కెర బిళ్ళల పొడి పోసి కాల్చినచో అది కరగి రంగుటద్దమగును. గోడలను గుడ్డు తెల్లసొనయు చక్కెరపొడియు గిలకొట్టిన ముద్దతో అతికించి, గిన్నెలకో గ్లాసులకో ఆనించి, అవి పూర్తిగా ఆరిన పిదపనే కప్పు వేయవలెను. తొందరపడినచో జారి క్రిందికి వచ్చును. స్వీడన్ దేశీయులు చక్కెరను కరగించి ఆ పాకముతోనే అతుకుదురు. అది క్షణములో బిగియును గాని వ్రేలికి తగిలిన బొబ్బలెక్కించును, గనుక ఆ ఒక్క పని పెద్దలది. తక్కినదంతయు పిల్లలదిగానే యుండవలెను.

అంగడి పెట్టెలో ఈ పనులలో ముప్పాతిక మిగులవు. కొలతకు కాల్చిన గోడలు, సంచిలో నింపిన చక్కెర ముద్ద, పైమూతమీద లోపములేని యింటి బొమ్మ. ఆ బొమ్మయే అసలు దోషము. దానిని చూచుచు కట్టు బిడ్డకు తన యిల్లు ఎంత చక్కగా వచ్చినను కొరవగానే తోచును. ఆ కొరవ తీర్పబోయి తల్లియో తండ్రియో పనిని తమ చేతిలోనికి తీసికొందురు. అటుపై బిడ్డ ప్రేక్షకుడు. ఫొటో మాత్రము అందముగా వచ్చును. ఉద్యోగములు చేయువారికి తీరిక లేదనుట నిజమే, కాదనను. తీరిక లేనిచో ఇంత పెద్ద యిల్లేల? రెండు పలకలు ఒకదానిపై నొకటి వాలిన పాక చాలును.

నార్వేలోని బెర్గెన్ నగరమున 1991 నుండి ఏటేట ఒక జింజర్‌బ్రెడ్ పట్టణమునే నిలుపుచున్నారు. శిశువిద్యాలయముల పిల్లలు, కుటుంబములు, వ్యాపారసంస్థలవారు ఎవరి యిల్లు వారు చేసి తెత్తురు. 2009లో ప్రారంభమునకు ముందు ఎవరో చొరబడి దానిని నుగ్గునుగ్గు చేయగా, పట్టణవాసులు మరల పిండి కలిపి, ఇండ్లు కాల్చి తెచ్చి, ఆ యేడే దానిని తిరిగి నిలిపిరి. ఇంటింట చేయి తిరిగినవారు ఉండబట్టి గదా అది సాధ్యమైనది!

స్వీడన్‌లో జనవరి 13న, మన భోగి పండుగ వచ్చు దినములలోనే, క్రిస్మసు చెట్టును తీసివేయుచు ఆ యింటిని పగులగొట్టి తినివేయుదురు. ఇసుకలో పిచ్చుకగూడు కట్టి, ఆట ముగియగనే తామే తన్నిపోవు మన పిల్లలకు ఆ యానందమును వేరుగా వివరింపనక్కరలేదు. పగులగొట్టవలసిన యింటికి నిటారు గోడలేల?

కావున పరదేశములందలి తెలుగు తల్లిదండ్రులకు నా మనవి: ఈ డిసెంబరులో ఆ పెట్టెను అంగడిలోనే వదలి, పిండియు తేనెయు శొంఠిపొడియు కొనుడు, గోడ ఒరిగినప్పుడు మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండుడు.