కుక్క ఉన్న ఇల్లు అమ్మబడును

ఈ మధ్య మియాపూర్‌లో మా ఫ్లాటు అమ్మకానికి పెట్టాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బ్రోకరు వచ్చి గదులూ, బాల్కనీ, పార్కింగూ అన్నీ చూశాడు. చివర్లో సోఫా కింద పడుకున్న మా చిట్టిని చూసి, "సార్, అమ్ముడయ్యేదాకా దీన్ని ఎక్కడికైనా పంపించెయ్యండి. లేదంటే ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాడు. పాత బీరువా తీసెయ్యమన్నంత తేలిగ్గా!

చిట్టికి తొమ్మిదేళ్ళు. నేను ఇంజనీరింగు మూడో ఏడులో ఉన్నప్పుడు తెచ్చిన వీధికుక్క పిల్ల.

బ్రోకరు మాటలో సగం నిజమే. కుక్కంటే భయపడేవాళ్ళుంటారు, ఇంట్లో కుక్క తిరిగిందంటే గిట్టనివాళ్ళూ ఉంటారు. పైగా వాసన. మన ఇంటి వాసన మన ముక్కుకి అలవాటైపోతుంది, తెలీదు. పక్కింటి ఆంటీని పిలిచి అడిగితే, మొహమాటపడుతూనే "బాల్కనీ దగ్గర కొంచెం ఉంది బాబూ" అన్నారు. ఫినాయిల్ ఆ వాసనని కాసేపు కప్పుతుందంతే. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనరయితే వాసనకి కారణమైన పదార్థాన్నే విరగ్గొడుతుంది. అమ్మోనియా ఉన్నవి మాత్రం వాడకండి. అది కూడా మూత్రం వాసనలాగే ఉండి, కుక్క మళ్ళీ అక్కడే పోసే ప్రమాదం ఉంది.

ఎవరైనా చూడ్డానికొస్తుంటే అరగంట ముందే చిట్టిని నేను బయటికి తీసుకెళ్తా. ఒకసారి గదిలో పెట్టి గడియ వేశాం. దాని అరుపులకి వాళ్ళు ఆ గది చూడకుండానే వెళ్ళిపోయారు :) అలాగని దాచేదేం లేదు. కుక్క ఉందని నాన్న ముందే చెప్పేస్తారు, తలుపు మీద గోళ్ళ గీతలు కూడా చూపిస్తారు.

ఆ నాన్నే ఓ రాత్రి "మావయ్య వాళ్ళ పొలానికి పంపేద్దామా?" అన్నారు. అమ్మ ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళు ఫ్యాను కింద పడుకున్నది ఇప్పుడు పొలం కాపలా కాస్తుందా?

కొందరు మరీ దారుణం, ఇల్లు మారేటప్పుడు వీధిలో వదిలేసి పోతారు. తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా మాత్రం రూ. 50 దాటదు. మనం క్యాంటీన్లో టీ, సమోసాకి పెట్టేంత!

బ్రోకరు లెక్కలో చిట్టి వల్ల మాకు రెండు లక్షలు తగ్గుతుందట. తగ్గితే తగ్గనీండి. ఇన్నాళ్ళూ ఇంటి ధరలో దాని వాటా ఎంతో ఎవరూ అడగలేదు కదా.

ఈ ఆదివారం పదింటికి ఇంకో పార్టీ వస్తోంది. తొమ్మిదిన్నరకల్లా చిట్టీ, నేనూ చెరువు గట్టు మీదుంటాం.