తామర చికిత్సయు, మన పరిశోధనలును

వానకాలము వచ్చినదనగా మన యాసుపత్రుల చర్మవ్యాధి విభాగములలో, నడుము చుట్టును తొడల సందులయందును గుండ్రని యెఱ్ఱని మచ్చలతో, రాత్రులు కంటికి కునుకు రానీయని దురదతో బారులు తీరు రోగుల సంఖ్య పెరుగుట వైద్యులెల్లరు నెఱిగినదే. తామర యని మనము తేలికగా ననుకొను నీ వ్యాధి యొకప్పుడు కొన్ని వారముల పూతమందుతో మానిపోవుచుండెడిది. ఇప్పుడో, మానినట్లే మాని మరల మొలచుచు, ఇంటిలో నొకరికి వచ్చిన నందఱికిని ప్రాకుచు, నెలల తరబడి మనుష్యుని వేధించుచున్నది. ఈ మార్పునకు గల కారణములలో కొన్ని ప్రకృతి వలనివి, కొన్ని మన చేతులార చేసికొన్నవి.

సల్జ్‌బర్గర్, విట్టెన్ అను అమెరికా వైద్యులు 1952లో హైడ్రోకార్టిజోను పూత చర్మశోథను శమింపజేయునని నిరూపించిన నాటినుండి స్టెరాయిడ్ లేపనములు ఎగ్జిమా, సోరియాసిస్ రోగులకు చేసిన యుపకారము సామాన్యము కాదు. అయినను ఆ లేపనమునే శిలీంధ్రము వలన కలిగిన తామరపై పూసినచో, శత్రువుతో శరీరము చేయు పోరాటమే యణగిపోవును: ఎఱ్ఱదనము తగ్గును, దురద రెండు మూడు దినములలో నిలుచును, రోగి సంతోషించును, లోపల శిలీంధ్రము మాత్రము నిరాటంకముగా విస్తరించును. క్లోబెటసాల్ వంటి తీవ్రమైన స్టెరాయిడ్‌ను, బూజు మందును, బాక్టీరియా మందును ఒకే గొట్టములో కలిపి యమ్ముచుండగా, తొడలపై నిక మాయని చారలు పడిన యువతీయువకులు వైద్యుని యెదుట సిగ్గుతో నిలువవలసి వచ్చుచున్నది. రోగి యజ్ఞానమే దీనికి మూలమనువారితో నేనేకీభవింపజాలను. ఒకనాటి కూలి పోగొట్టుకొని యాసుపత్రి వరుసలో నిలుచుటకంటె వీధిమూల దుకాణములో గొట్టము కొనుటయే పేదవానికి సాధ్యమైన మార్గము. 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడ్ లేపనములను షెడ్యూలు హెచ్ క్రిందికి తెచ్చి, వైద్యుని చీటీ లేనిదే విక్రయింపరాదని శాసించినను, చీటీ యడుగని దుకాణములు నేటికిని గలవు.

ఇక మందుల సంగతి. వారణాసిలో బనారసు హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు, సూక్ష్మదర్శినితో వ్యాధి నిర్ధారణమైన 200 మంది రోగులను, ఎవరికే మందన్నది ఎవరి యిష్టానిష్టములకును లోబడని పద్ధతిలో, నాలుగు సమాన వర్గములుగా విభజించి, నాలుగు విధములైన మాత్రలను ఎనిమిది వారముల వఱకు ఇచ్చి చూచిరి. 2020లో ప్రకటితమైన ఆ ఫలితముల ప్రకారము గ్రిసియోఫుల్విన్‌తో నూటికి 14 మందికి, టెర్బినఫిన్‌తో 28 మందికి, ఫ్లూకొనజోల్‌తో 42 మందికి, ఇట్రకొనజోల్‌తో 66 మందికి మాత్రమే వ్యాధి నయమైనది. పాఠ్యగ్రంథములు అగ్రస్థానమిచ్చిన టెర్బినఫిన్ ఇంత దిగజారుటయు, అన్నిటికంటె మేలైన మందు సయితము మూడింట నొకవంతు రోగులను వ్యాధితోనే విడుచుటయు ఎంత యాందోళనకరములో వేఱుగ చెప్పనక్కఱలేదు.

టెర్బినఫిన్ శిలీంధ్రములోని స్క్వాలీన్ ఇపాక్సిడేజ్ అను ఎంజైమును బంధించి, కణత్వచమునకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారుకాకుండ చేయును. ఆ ఎంజైములో నొక్క అమైనో ఆమ్లము మారినను మందునకు పట్టు దొరకదు. ఇట్టి మార్పు తరచుగా కానవచ్చు శిలీంధ్రమునకే 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే యని నామకరణము జరిగినది. 2023 నాటికి న్యూయార్కు నగర రోగులలోను అది బయల్పడినది. శిలీంధ్రమే మారినపుడు, ఏనాడో శీతలదేశములలో జరిగిన పరిశోధన మన యుక్కపోతలో పనిచేయు కూలివానికి ప్రమాణము కానేరదు. పేటెంటు తీరిన చవక మందులపై పరీక్షలు జరుపుటకు కంపెనీలకు లాభాపేక్ష యుండదు. కనుక ఆ పరీక్షల భారము ప్రజాధనముపైననే పడవలెను.

ఆ పరిశోధనలకు తొలిమెట్టయిన వ్యాధి నిర్ధారణమునకు గొప్ప సాధనసంపత్తియు నక్కఱలేదు. మచ్చ యంచున మొద్దు బ్లేడుతో గీకిన పొట్టును గాజుపలకపై నుంచి, పొటాసియం హైడ్రాక్సైడు బొట్టు వేసి, కొన్ని నిమిషములు తాళి సూక్ష్మదర్శినిలో చూచినచో, కొమ్మలు సాగిన సన్నని దారములవలె శిలీంధ్రము కానవచ్చును. జిల్లా యాసుపత్రిలో నీ పరీక్ష చేయకయే మందు వ్రాయు నలవాటు తొలగవలయును. తెలుగు రాష్ట్రముల రెండింటిలోని ప్రభుత్వ వైద్యకళాశాలలు కలిసి, మన రోగులలో ఏ శిలీంధ్రము ఏ మందునకు లొంగుచున్నదో యేటేట పరీక్షించి, ఆ ఫలితములను ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వఱకు పంపవలయును. మందు ఎన్ని వారములు వాడిన చాలును, మానిన పిదప వ్యాధి తిరుగబెట్టువారెందఱు, ఇంటిల్లిపాదికి ఒకేసారి చికిత్స చేసిన కలుగు ప్రయోజనమెంత యను ప్రశ్నలకు మన రోగులపై జరిగిన విస్తృత పరిశోధనలే సమాధానమీయగలవు. వానికి కావలసిన వ్యయమును రాష్ట్ర ప్రభుత్వములు వచ్చు బడ్జెట్టులోనే కేటాయించి, స్టెరాయిడ్ కలిపిన తామర లేపనముల విక్రయమును ఆపుటకు ఔషధ నియంత్రణాధికారులను దుకాణములకు పంపవలయును.