గృహిణియు, మోటారునూనెయు

ఆముదమును సీసానుండి వంపినప్పు డది తీగవలె సాగుచు మెల్లమెల్లగా దిగును. నువ్వులనూనె చప్పున జాఱిపోవును. ఈ భేదమునకే శాస్త్రజ్ఞులు స్నిగ్ధత యని పేరుపెట్టిరి. మనము చిక్కదన మందుము. కారు ఇంజనులో పోయు నూనెకును ఈ గుణమే ప్రధానము. కారు వ్యవహారము పురుషులదని మనలో పెక్కండ్రు దాని జోలికి పోరు. కాని నెల తిరుగునప్పటికి పెట్రోలు పద్దు పడునది ఇంటి లెక్కలోనే గదా! పైగా పిల్లలను బడిలో దించుటకును, కూరల బజారునకును స్వయముగా కారు నడుపుకొని పోవు స్త్రీలు నేడు ప్రతి వీధిలోను గలరు.

మా బంధువులలో నొకరు చిన్న పెట్రోలుకారు కొని మూడేండ్లయినది. కారుతోపాటు వచ్చిన పుస్తకములో 0డబ్ల్యు-20 అను నూనె పోయవలెనని వ్రాసియున్నది. వీధి చివరి మెకానిక్కు దానిని చూచి, "అమ్మగారూ, ఇది నీళ్లలాగుంటుంది. మన ఎండలకు ఆగదు. చిక్కటిది పోస్తే ఇంజను పది కాలాలపాటు ఉంటుంది" అని చెప్పి 20డబ్ల్యు-50 పోసినాడు. ఆ యిల్లాలు పెట్రోలు పోయించిన ప్రతిసారియు లెక్క వ్రాసికొను అలవాటు గలది. "అప్పటినుండి లీటరునకు వచ్చు దూరము తగ్గినది. ఇది నా భ్రమయా?" అని న న్నడిగినది.

భ్రమ కాదు. ఇంజను నడుమ తిరుగు క్రాంకుషాఫ్టునకును, దానిని మోయు బేరింగులకును మధ్య నుండు సందు వెండ్రుకకంటె సన్ననిది. ఆ సందులో నూనెపొర నిలిచి, లోహము లోహమును తాకకుండ కాపాడును. తిరిగిన ప్రతి చుట్టునకును ఇంజను ఈ పొరతో పెనగులాడవలసినదే. నూనె యెంత చిక్కనిదైన నంత పెనగులాట. దానిని అన్ని మూలలకు తోలు పంపునకును నంత శ్రమ. గట్టిపిండిని రుబ్బు చేతికి, జారుపిండిని రుబ్బు చేతికన్న నెంత బలము కావలెనో మీకు తెలియును. ఇచ్చట ఆ బలము పెట్రోలునుండి రావలెను.

ఇక "మన ఎండలు" అను మాట. ఇది వినుటకు సబబుగానే తోచును. పొరపాటంతయు నిందులోనే యున్నది. నూనెల చిక్కదనమును సాధారణముగా 40 డిగ్రీలయొద్దను, 100 డిగ్రీలయొద్దను కొలుతురు. 40 డిగ్రీలన్న మనకు బెజవాడలో వేసవి మధ్యాహ్నము. ఇంజను నూనెకు మాత్రము అది చలి! పలుచని 0డబ్ల్యు-20 సైతము ఆ వేడిమియందు, 100 డిగ్రీలయందు కంటె నాలుగైదు రెట్లు చిక్కగా నుండును. 20డబ్ల్యు-50 యైనచో, అదే 40 డిగ్రీలయొద్ద ఈ పలుచని నూనెకంటె మూడు నాలుగు రెట్లు చిక్కనిది. ఇంజను వేడెక్కిన పిమ్మట థర్మోస్టాటు అను చిన్న పరికరము చల్లబఱచు నీటిని ఇంచుమించు 90 డిగ్రీల దరిని నిలిపియుంచును. కనుక బెజవాడలో నైనను, ఊటీలో నైనను, సాధారణముగా పరుగెత్తు కారులోని నూనె వేడిమిలో మనము తలంచునంత భేదముండదు. నూనె నీటికంటె నిదానముగా వేడెక్కును. బడికి రెండు కిలోమీటర్లు, బజారునకు మూడు కిలోమీటర్లు పోవు మన ప్రయాణములు నూనె సరిగా కాగకమునుపే ముగియును. చిక్కని నూనె పెట్రోలును ఎక్కువగా తినునది ఈ చిన్న ప్రయాణములలోనే.

డబ్బాపై నుండు అంకెలను గూర్చి కొంచెము చెప్పెదను. అమెరికాలోని ఎస్.ఏ.ఇ. అను ఇంజనీర్ల సంఘము 1911లో నూనెలకు తరగతు లేర్పఱచినది. 'డబ్ల్యు' అనగా వింటరు, శీతకాలము. దానికి ముందున్న అంకె చలిలో నూనె నడచు తీరును, తరువాతి అంకె వేడిలో దాని చిక్కదనమును తెలుపును. అంకె పెద్దదైన నాణ్యము హెచ్చని కొంద ఱనుకొందురు. బియ్యపు రకమువలె నిది మేలు కీడుల లెక్క గాదు.

నష్ట మెంత? 5డబ్ల్యు-30 కొఱకు చేసిన ఇంజనులో 10డబ్ల్యు-30 పోసినచో లీటరునకు వచ్చు దూరము నూటికి 1 మొదలు 2 వంతులవఱకు తగ్గవచ్చునని అమెరికా ప్రభుత్వపు ఇంధనశాఖ చెప్పుచున్నది. అది ఒక మెట్టు భేదమే. మా బంధువుల యింట జరిగినది పెక్కు మెట్లు. నూటికి 2 అనియే లెక్కింపుడు. నెలకు 900 కిలోమీటర్లు, లీటరునకు 18 చొప్పున 50 లీటర్లు; అందులో ఒక లీటరు, ఏటికి 12 లీటర్లు వృథా. పలుచని నూనె డబ్బా వెల కొంత హెచ్చన్నమాట నిజమే గాని, ఆ హెచ్చును ఈ పెట్రోలు చాలవఱకు తీర్చును.

ఇది చదివి పదునైదేండ్ల పాతకారులో పలుచని నూనె పోయింపకుడు! చిక్కని నూనెకై చేసిన ఇంజనులో పలుచని పొర బరువునకు తెగి, లోహములు రాచుకొని యరిగిపోవును. అప్పుడు ఇంజను విప్పించుటకగు సొమ్ము ముందు మిగిల్చిన పెట్రోలు ఏ మూలకు? కంపెనీలు ప్రభుత్వపు ఇంధన నిబంధనలకై నూనెను పలుచన చేయుచున్నవని కొందఱి శంక. మన దేశమున ఆ నిబంధనలు 2017నుండి అమలులోనున్న మాట వాస్తవమే. శంకలో కొంత నిజమును గలదు. ఐనను ఆ కార్ల పంపును, సందులును ఆ నూనెకు తగినట్లే చేయబడినవి. కొన్ని పుస్తకములలో రెండు మూడు రకములు చెప్పబడియుండును. ఊరిలోనే తిరుగువారికి వానిలో పలుచనిదియు, బరువుతో దూరప్రయాణములు, ఘాటురోడ్లు ఎక్కువగా గలవారికి చిక్కనిదియు తగునని నా యభిప్రాయము. పుస్తకములో లేని రకము మాత్రము, ఎవరు చెప్పినను, వలదు.

నూనె మార్చునాడు సీలు తీయని డబ్బాను మీ యెదుటనే తెఱపింపుడు. పోసిన నూనె పేరును, కారు తిరిగిన కిలోమీటర్లను పెట్రోలు పద్దు ప్రక్కనే వ్రాసికొనుడు. డిప్‌స్టిక్కుపై నున్న రెండు గుర్తుల నడుమ నూనె యుండవలెను. పైగుర్తు మించినచో క్రాంకుషాఫ్టు దానిని చిలికి నురుగు చేయును. చూచునప్పుడు కారు సమమైన నేలమీద నుండవలెను. ఇంజను ఆపి కొన్ని నిమిషములు గడచిన పిదపనే చూడవలెను.