ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?

మన్నెగూడలో మా కాలనీ సంక్షేమ సంఘానికి పోయిన నెల కొత్త కమిటీని ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారు అంటున్నా గానీ, టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పాత ప్రెసిడెంటు గారే ఉండనీ అని ఒకాయన అన్నారు, నలుగురు చప్పట్లు కొట్టారు, ఏకగ్రీవం అని పుస్తకంలో రాసేశారు.

నేను లేచి మూడో వీధి అక్క పేరు చెప్పాను. నీళ్ల ట్యాంకర్ రాకపోతే ఫోన్ చేసేది ఆవిడే. చెత్త బండి రెండు రోజులు రాకపోతే వెంటపడేదీ, మోరీ పొంగితే ముక్కు మూసుకుని ముందు నిలబడేదీ ఆవిడే. వాళ్లాయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వస్తాడు.

"ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?" అన్నారు.

ఆయన పేరు మీదే. అయితే ఆవిడ మెంబరు కాదట. ఆ లెక్కన నేనూ కాదు!

ఇంటికో ఓటు అంటే నాకు అభ్యంతరం లేదు. ఒకే ఇంటికి రెండు ఓట్లిస్తే ఒంటరిగా ఉండే పెద్దావిడకు అన్యాయం. కానీ ఆ ఒక్క ఓటు ఎవరు వేయాలో, ఎవరు నిలబడాలో ఆ ఇల్లే తేల్చుకోవాలి కదా. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. మెంబరు ఎవరన్నది మనం రాసుకున్న బైలాలోనే ఉంటుంది. రాసుకున్నది మనమే, సర్వసభ్య సమావేశం పెట్టి మార్చుకోవలసిందీ మనమే. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. (అక్కడ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది వేరే కథ లెండి.) మన వీధి మోరీ విషయానికొస్తే మాత్రం మనం లెక్కలోకే రాం.

చేతులెత్తే పద్ధతి కూడా నాకు నచ్చదు. రోజూ ఎదురుపడే మనిషి ముందు, నువ్వు వద్దు అని ఎవరు చెయ్యెత్తుతారు? చీటీ రాసి డబ్బాలో వేస్తే ఎవరి మొహమాటం వాళ్ల దగ్గరే ఉంటుంది. దానికంటే ముందు ఏడాది జమాఖర్చు చదవాలి. మా దగ్గర ఎన్నికయ్యాక చదివారు, అదీ సగం మంది చెప్పులు వేసుకుంటుండగా.

ఇంటికొచ్చి మా ఆయనతో గొడవ పడ్డాను, పాపం ఆయనేం చేశాడు! తర్వాత ఇద్దరం కూర్చుని, బైలా మార్చమని అర్జీ రాశాం. అక్కా నేనూ ఇల్లిల్లూ తిరిగితే పదకొండు ఇళ్ల వాళ్లు సరేనన్నారు. మొదటి సంతకం మా ఆయనది. మెంబరు ఆయనే కదా మరి.